పొద్దు గూకేదాకా చెల్లును

హన్మకొండ చౌరస్తాల టూరిజం కౌంటరు.
లోపలి పిల్లగాడు మూడు రంగుల కాగితాలు పరిచిండు,
చీరెల దుకాణంల గుమస్త లెక్క.
"నీలందాంట్ల రామప్ప, లక్నవరం, రెండు దినాలు.
పసుపుదాంట్ల వెయ్యి స్తంభాలు, మ్యూజియం, కోట, ఒక్క దినం.
ఆకుపచ్చది ఉత్త కోట. పొద్దు గూకేదాకా చెల్లుతది.
ఏది గావాలె అక్కా?"

నేను కొత్తవాడల జంపఖానాలు నేస్త.
కోట నా మగ్గానికి ఎంత దూరం? గట్టిగ నడిస్తె గంట.
నలభై ఆరేండ్లల్ల కోట పక్కపొంటి పొయ్యిన,
పెండ్లిళ్లకు, దినాలకు, ఓసారి పురిటినొప్పుల ఆటోల.
కోటను చూడవోలె.
సిరిసిల్ల నుంచి మా సునంద రాకపోతె
ఈ రంగులతోని నాకేం పని?

సునంద మందుల చీటి ఎనుక పెన్నుతోని కూడుడు మొదలువెట్టింది.
పసుపుది మనిషికి నూట నలభై.
ఇడిగ కొంటె నూటైదు, ఆటో కలిపితె రెండొందలు దాటె.
"పాసే నయమే అక్కా," అన్నది,
"అన్నీ తిరిగితే."
ఆ తిరిగితే కాడ ఇద్దరం ఆగినం.
మా అత్త బుచ్చవ్వ మోకాళ్లను
ఏ గడిల రాయాలె?

నా లెక్క వేరె.
నూట నలభై అంటె ఎర్రచారల పట్టి మీద జానెడు నేత.
నలుగురికి నాలుగు జానలు.
అంటె ఓ పొద్దు, మల్ల తెల్లారి చాయ్ తాగే యాల్లదాకా.

"మ్యూజియం ఇయ్యాల బంద్," అన్నడు పిల్లగాడు
నోట్లు సగం చేతిల వడ్డంక.
"మరి పసుపుదాంట్ల ఉన్నదంటివి?"
"ఉన్నది. గని బంద్."
అబద్ధమాడనందుకు
వానికి మనసుల ఓ దండం వెట్టిన.

గోడ మీద గీత, దాని కింద ఉంటె సగం టికెట్టు.
సునంద బిడ్డకు కన్నుగీటింది, జెర్ర మోకాళ్లు వంచుమని.
తన్విక ఇంకింత నిక్కి నిలవడ్డది.
"నేను ఆరో తరగతి," అన్నది అందరికి ఇనవడేటట్టు.
సగం ధర పాయె.
ముసలోళ్లకు కూడ సగమేనట, ఆధార్ చూపెడితె.
బుచ్చవ్వ ఆధార్ ఇంట్ల బియ్యం డబ్బల ఉన్నది.

"నాకెందుకే టికెట్టు?" అన్నది ముసలామె.
"నన్నెవడు ఆపుతడు ఆడ?"

పదకొండేండ్లు ఆ కోటల గడ్డి వీకిందామె,
దినకూలికి.
అప్పుడు దర్వాజ కాడ ఎవ్వడు లేడు,
మట్టికోట గండిల నుంచి సద్ది గిన్నె పట్టుకొని దిగుడే.
ఏ బండ మిట్టమధ్యాహ్నం సల్లగుంటదో,
ఏ సందుల తేలుంటదో ఆమెకెరుక.

ఆకుపచ్చయి నాలుగు తీసుకున్న.

దర్వాజ కాడ కాకి అంగీ ఆయన చెయ్యి అడ్డం వెట్టిండు.
బుచ్చవ్వ నా మొకం చూసింది.
నేను టికెట్టు ఇచ్చిన.
ఆయన అంచు చింపి ఇచ్చిండు.
ఆమె దాన్ని వక్కాకు సంచిల వెట్టి
ఒక్క మాట మాట్లాడకుంట లోపలికి నడిసింది.

తోరణం కింద గైడు ఓ గుంపుకు రాజుల ముచ్చట చెప్తుండు.
తన్విక అటు ఉరికింది, జెర్రసేపటికే మల్ల ఇటొచ్చింది.
ఇటు పక్క అవ్వ చెప్తున్నది:
"గిదే బండ మీద మా రాజవ్వకు తేలు కుట్టింది,
మేస్త్రి సైకిల్ మీద ఏసుకపోయిండు,
సగం దినం కూలి కోసిండు."
"రాజవ్వకా, మేస్త్రికా?"
"రాజవ్వకే పిల్లా."

సునంద విరిగిన రాతి హంసల ఫోటోలు తీసింది.
నేను కంబాల మీది చెక్కుడు చూసి
ఈ అంచు జంపఖానాల దిగుతదా అని
ఏండ్ల మీద పోగులు లెక్కవెట్టుకున్న.
దిగదు. మూలల కాడ దారం తెగుతది.

విజిల్ ఊదిన్రు.
జనమంత దర్వాజ దిక్కు మళ్లిన్రు.
చూస్తె బుచ్చవ్వ లేదు.
పడిపోయిన కంబాల నడుమ గొంతుకూసోని
బండల సందుల గడ్డి వీకుతున్నది,
ఎనుక కుప్ప, ముంగట ఇంకో మూడు బండలు.

"టైమైంది అవ్వా, లే," అన్నడు కాకి అంగీ ఆయన.

"ఈ సాలు ఒడవనీ బిడ్డా," అన్నది
తల ఎత్తకుంట.