పళ్ళతో వినడం

నెల్లిమర్ల రోడ్డు మీద మా షెడ్డుకి
వైజాగు నుంచి ఎర్ర కారొకటి వచ్చింది.
ఎనభై దాటితే ఏడుస్తోందట.
గేరుబాక్సే మార్చాలన్నారట షోరూమ్‌వాళ్ళు.

దాలినాయుడికి చెవుల్లేవు.
ఇరవై రెండేళ్ళ జనపనార మిల్లు
తినేసింది వాటిని.
జాకీలెత్తి, ఇంజను ఆన్ చేయించి,
స్క్రూడ్రైవరు మొన ఇనుముకి ఆనించి
పిడిని పళ్ళతో కరిచిపట్టాడు.
నా చేతిలో లైటు వణికింది.

"గేరుబాక్సు కాదురా గుంటడా,
నడుంకాడ బేరింగు.
రబ్బరు సచ్చిపోనాది, గోళీలెండిపోనాయి.
మిల్లులో ఏడో నంబరు మిషను
ఇలగే మూలిగీది."

షాఫ్టు విప్పేముందు
సుద్దముక్కతో గీతలు గీయించాడు,
ఎలా దిగిందో అలాగే ఎక్కాలని.
పాత బేరింగు వేలికి తగిలించి తిప్పితే
అన్నంలో ఇసక.

కొత్తదాన్ని సుత్తితో కొట్టబోయాను.
మణికట్టు పట్టుకున్నాడు.
పైపు ముక్క వెతికిచ్చాడు:
"లోపలి రింగు మీదే. మెల్లిగ.
పసిపిల్లకి గాజులేసినట్టు."

రాత్రి బైపాసు మీద నూట ఇరవై.
కారు కుర్రాడు స్టీరింగు మీద దరువేస్తూ
"ఏమీ వినపడట్లేదు!" అని అరిచాడు.

"ఏటంటన్నాడు?"
వెనక సీట్లోంచి నా పెదాలు చూశాడు దాలినాయుడు.
చెప్పాను.

నమ్మలేదు.
వంగి, స్క్రూడ్రైవరు కారు నేలకి ఆనించి
మళ్ళీ కరిచాడు.