తడిగుడ్డ

రాత్రి పదికి కొర్లగుంటలో కరెంటు పోయినా
మా ఇంట్లో పని ఆగదు.
ఒంటి గది. నేను, ఏకాంబరం, ఇద్దరు పిల్లోళ్ళు,
దూలానికి వేలాడే మూడు మూటలు.
పెసలు ఒకదాంట్లో, అలసందలు ఒకదాంట్లో,
ఉలవలు మాత్రం నా పాత నేతచీర కొంగులో.
మొండి గింజలవి, మెత్తన గుడ్డకి లొంగవు.

మేం నిద్రపోతాం. అవి పోవు.
చెవి పెట్టి వింటే ఏమీ వినపడదు,
చెయ్యి పెడితే తెలుస్తుంది:
మూట లోపల గోరువెచ్చగా ఉంటుంది,
జరం దిగతా ఉన్న బిడ్డ నొసలు మాదిరి.

నాలుగున్నరకి ముడి విప్పితే
ఒక్కో గింజకీ ఒక తెల్లటి తోక.
పడుకునేటప్పుడు లేని తోక.
ఆరేళ్ళుగా చూస్తా ఉండా,
ఇంకా దొంగని పట్టుకున్నట్టే ఉంటుంది.

ఐదుకి యూనివర్సిటీ గ్రౌండు గేటు కాడ బండి.
మొలకలు, నానబెట్టిన శెనక్కాయ గింజలు,
కొబ్బరి ముక్కలు, ఉసిరికాయ రసం,
మునగాకు పొడి కలిపిన మజ్జిగ.
ఆ పొడికి ఇప్పుడు పెద్ద పేరొచ్చింది,
బూట్లేసుకున్న పిలగాడొకడు చెప్పినాడు:
'సూపర్ ఫుడ్డు ఆంటీ, బెంగుళూర్లో గ్రాముల లెక్కన అమ్ముతారు.'
తలూపినా.
మా అమ్మ ఆ చెట్టు కొమ్మలు విరిచి
మమ్మల్ని గట్టెక్కించిన ఏడాది
ఆ ఆకుకి ఏ పేరూ లేదు.
'ఇంట్లో ఇంకేమీ లేదు' అనేదే దాని పేరు.

రిటైరైన రిజిస్ట్రారు సారు
గిన్నెలోకి తొంగి చూసి రోజూ అడుగుతాడు,
'దేశమ్మా, ఇది ఆర్గానిక్కేనా?'
ఆర్గానిక్కే సార్.
పాకాల పక్కన మా తమ్ముడి కయ్యలో పండినవే.
మందు కొట్టలేదు, ఎరువు చల్లలేదు.
ఎందుకని సారు అడగలేదు. నేనూ చెప్పలేదు,
సొసైటీలో అప్పు పుట్టక
మందు డబ్బా కొనే దారి లేక
వాడు పురుగుల్ని చేత్తో ఏరినాడని,
ఎకరాకి నాలుగు మూటలు రావాల్సింది
మూటన్నర వచ్చిందని,
వచ్చినదాంట్లోనూ బొక్కలుంటే
రాత్రిళ్ళు చాటలో పోసుకోని నేనేరినానని.
సారు ఒక చెంచా నోట్లో వేసుకోని
కళ్ళు మూసుకున్నాడు.
'ఆహా, భూమి వాసన' అన్నాడు.
నిజమే. ఎంత కడిగినా పోలేదు.

ఆరుంబావుకి హంసవేణి వస్తుంది.
పదిహేనేళ్ళది, ఎనిమిది వందల మీటర్ల పిల్ల.
సీనియరక్క ఇచ్చిన బూట్లు, ముందర దూది కుక్కినవి.
నా దగ్గర ఖాతా ఉంది ఆ పిల్లకి,
బండి రేకు మీద సుద్దగీతలు. నలభై మూడు.
'జిల్లాలో గెలిస్తే కట్టేస్తాక్కా' అంటుంది
నోటి నిండా పెసలతో, సగం మాట మింగేసి.
ఆ పిల్ల పరిగెత్తేటప్పుడు
అందరూ గడియారం చూస్తారు, నేను పిక్కలు చూస్తా.
నిన్న రాత్రి మా దూలం కింద వెచ్చగా ఉన్నదేదో
అక్కడ కదలతా ఉంటుంది.

వాన పడిన పొద్దు ఎవురూ నడవరు.
గిన్నెడు మొలకలు గిన్నెడూ ఇంటికి తిరిగొస్తాయి.
ఎర్రగడ్డ తరిగి, తాళింపేసి, కారం దట్టించి
సంగట్లోకి కూర చేస్తా.
పెద్దోడు అడిగినాడు,
'మనమెందుకు పచ్చివి తినం మా?'
పచ్చివి తినాలంటే ఆకలి తక్కువుండాల నాయనా
అనబోయి ఊరుకున్నా.
పొయ్యి మీదికి పోనీకుండా ఒక గుప్పెడు తీసి
నిమ్మకాయ పిండి వాడి చేతిలో పోసినా.
నమిలినాడు. మొహం చిట్లించినాడు.
'తోకలు గిలిగింతలు పెడతా ఉండాయి' అని నవ్వినాడు.

సాయంత్రం బండి తుడస్తా చూస్తే
సుద్దగీతలు వానకి సగం చెరిగిపోయినాయి.
ఎన్ని మిగిలినాయో లెక్క పెట్టలేదు.
ఉలవల్ని నీళ్ళల్లో పోసినా.