అర జీబీ వాటా

మిర్చి యార్డు ఎదుట, లారీల వరస దాటాక,
మేడ మీద కమీషన్ కొట్టు.
మెట్లెక్కేలోపు మూడు తుమ్ములు.
నాలుగోది ఆపుకున్నాను,
చేతుల్లో కొత్త కంప్యూటరు ఉంది.

పాతది సోమవారం మధ్యాహ్నం మూడింటికి పోయిందట.
మూత తీస్తే లోపల బోర్డు కనబడలేదు.
ఇరవై ఏళ్ళ తేజా కారం
ఫ్యాను రెక్కల మీద పొరలు పొరలుగా.
"వేపుడులోకి పనికొస్తుంది," అన్నాడు హమాలీ సైదులు.
గుమస్తా పేరయ్యగారు నవ్వలేదు.

ఆయనకి కావలసింది కంప్యూటరు కాదు.
నల్లతెర మీద పచ్చక్షరాల ఆవర్జా.
బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే ఇమ్మానుయేలు మేష్టారు
రెండు వేసవులు ఇక్కడే కూచుని రాసిచ్చిన ప్రోగ్రాము.
టిక్కీకి తరుగెంత, తాలుకాయకి కోతెంత,
కాటా కూలి, ఏసీ అద్దె,
ఏ ఊరి రైతు ఏ వారం వస్తాడో కూడా
దానికే తెలుసంటారు.
కొత్త విండోస్ దాన్ని గుమ్మంలోనే ఆపింది.
నువ్వెవరో నాకు తెలీదు, పొమ్మంది.

అందుకని ఇంట్లో ఇల్లు కట్టాను.
అరండల్‌పేటలో మేం పదేళ్ళున్న వాటా లాంటిది.
ముందుగది ఓనరుది, వెనక రెండూ మావి.
మీటరొకటే, బోరొకటే.
తలుపేసుకుంటే మాత్రం అది మా ఇల్లే,
ఉత్తరాలు మా అమ్మ పేరునే వచ్చేవి.
ఎనిమిది జీబీల్లో అర జీబీ విడదీసి
ఇది నీ జాగా అన్నాను.
నాలుగు జీబీల ఫైలొకటి చూపించి
ఇదే నీ డిస్కు అన్నాను.
నమ్మింది.

చిన్న కిటికీలో మబ్బుల బొమ్మ తేలింది.
పాత విండోస్ నిద్రలేచి
లేని ఫ్లాపీని తడుముకుంది,
లేని ప్రింటరుని పలకరించింది.
మధ్యలో కూచున్న సాఫ్టువేరు
అన్నిటికీ ఊఁ కొట్టింది.

పేరయ్యగారు కళ్ళజోడు నుదుటికి నెట్టి
తెర దగ్గరకి వంగారు.
"దానికి తెలుసా అమ్మా?"
ఏది?
"ఇంకోదాని కడుపులో ఉన్నానని."
తెలీదండీ.
"పోన్లే. చెప్పకు."

చొక్కా జేబులోంచి మడతల చీటీ తీశారు.
సోమవారం, మూడింటికి ఐదు నిమిషాల ముందు,
క్రోసూరు నుంచి బత్తుల కోటమ్మ
పోయినేడాది బాకీ పదకొండు వేల నాలుగొందలు
చెంగు ముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిందట.
జమ కొట్టేలోపు తెర ఆరిపోయింది.

"ఒక్క నిమిషం," అన్నాను, "ముందు స్నాప్‌షాట్ తీసిపెడతా.
తప్పు పడితే మళ్ళీ ఇక్కడికే వచ్చేయొచ్చు,
ఏమీ జరగనట్టు."
గర్వంగానే చెప్పాను,
నా పనిలో నాకు నచ్చే ముక్క అది.
ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసేశారు.
"పద్దు చెరపకూడదమ్మా. ఎదురు పద్దు వేస్తాం.
తప్పూ, దిద్దుబాటూ, చదివేవాడికి రెండూ కనబడాలి.
నువ్వన్నట్టు వెనక్కి పోతే
ఇంకా జమ పడని నిమిషానికి పోతాం.
మరప్పుడు కోటమ్మ ఇచ్చింది ఎవరికి?"

నా దగ్గర జవాబు లేదు.
అయినా తీశాను,
ఆయన మంచినీళ్ళకి లేచినప్పుడు.
అలవాటు.

ఒక్క వేలితో ఒక్కో అంకె కొట్టారు.
చెల్లు.
బయటికి రాబోతే పచ్చక్షరాల్లో ఒక ప్రశ్న,
ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, మేష్టారి గొంతు:
పేరయ్యా, గల్లాపెట్టె తాళం వేశావా?
"వేశాను," అన్నారాయన పైకే,
వై నొక్కుతూ.

కిటికీ మూసుకుంది.
కింద యార్డులో పాట మొదలైంది,
రేటు అరుపులు మెట్లెక్కి వస్తున్నాయి.
కోటమ్మ ఇంకా బాకీ ఉన్న ఆ నిమిషం
నా ఫైల్లో అలాగే ఉంది.
ఎవరికీ కనబడకుండా చెరిపేద్దామని
మౌస్ మీద చెయ్యి వేశానో లేదో
నాలుగో తుమ్ము వచ్చింది.
ఆగాను.