పెన్సిల్ పద్దు

షికాగోలో ఆ చలికాలం
బూట్ల ఫ్యాక్టరీ గేటు మూతబడింది.
ఆరుగురం, ఒక అద్దె ఇల్లు.
"మగదిక్కు ఎవరు?" అన్నాడు ఓనరు.
"బొగ్గులవాడు, వారానికోసారి వస్తాడు" అంది ఊనా.
అతను నవ్వలేదు.
రెండు నెలల అడ్వాన్సు గుంజాడు.

లెక్కల పుస్తకం నా దగ్గరుండేది.
తలా మూడు డాలర్లు, సిరాతో.
సమ్మెలో ఉన్న లుద్మిలా వాటా మాత్రం
పెన్సిల్‌తో,
ఎప్పుడైనా తుడిచేయొచ్చని.

ఉడికిన దుంపలు లెక్కపెట్టుకుని తినేది.
మేం చూడనట్టే ఉండేవాళ్లం.
ఎక్కడా రాసుకోని రూలు అదొక్కటే.

మార్చిలో డబ్బు తెచ్చింది,
వేళ్ల నిండా మళ్లీ తోలు వాసన.
పద్దు తుడవబోతే చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ.
రేపు చేరబోయే పిల్లకి
ముందు ఈ పేజీ చూపించు."