పారబోసే నీళ్లు

మందస కొండల నుంచి సంచీ దిగింది.
మూతి ఇంకా విప్పనే లేదు,
బస్సు కండక్టరు ముంజేయి గోక్కోవడం మొదలెట్టాడు.
ఎందుకో అతనికి తెలీదు. నాకు తెలుసు.
దూలగొండి.

కాయ మీది నూగు బంగారం రంగు,
దాని పని దురద.
లోపల గింజ మాత్రం నల్లగా, నున్నగా
నూనె రాసిన కోటు గుండీలా ఉంటుంది,
ఏమీ ఎరగనట్టు.

ఎచ్చెర్ల దగ్గర మందుల కాలేజీలో
నేను ల్యాబు మనిషిని.
గాజు కడుగుతాను, ఎలకలకి మేత వేస్తాను,
మేడమ్ చెప్పిన అంకెలు పుస్తకంలో ఎక్కిస్తాను.
పుట్టింది పొందూరు.
మా పెద్దమ్మ దాలమ్మ చెయ్యి
వణకడం మొదలెట్టి నాలుగేళ్లు.

వాలుగ చేప దవడతో పత్తి దువ్విన చెయ్యి.
అరటి డొప్పలో ఏకు చుట్టి
నూరో నంబరు నూలు తీసిన చెయ్యి.
ఇప్పుడు టీ ఇస్తే
గ్లాసు కంటే ముందు సాసరు మాట్లాడుతుంది.

గింజలు దంచాం. పుల్లటి నీళ్లలో నానేశాం.
వడగట్టాం, ఇంకించాం,
పలక మీద చుక్క పెట్టి
పక్కన సీసాలో కొన్న లెవోడోపా చుక్క పెట్టాం.
మందు చల్లి వేడి చూపిస్తే
రెండు మచ్చలూ ఒకే ఎత్తున ఆగాయి,
ఒకే బడిలో చదివిన పిల్లల్లా.
మేడమ్ ఒక్క మాటే అంది:
"ఉంది."

తర్వాత ఎలకలు.
సూదికి బిగుసుకుపోయిన ఎలక
ముందు కాళ్లు కడ్డీ మీద పెట్టి
మొక్కు మరిచిపోయిన మనిషిలా నిలబడిపోతుంది.
స్టాప్‌వాచీ నా చేతిలో.
మా కషాయం తాగింది నలభై సెకన్లకి కాలు దించింది.
తాగనిది,
నేను చూసీ చూసీ నీళ్లు తాగొచ్చినా
అలాగే ఉంది.

గింజల డబ్బుకి సవర ఎండయ్య వచ్చాడు.
"ఏటి సేస్తారు బాబూ దీంతోటి?"
చేతులు వణికే జబ్బుకి, అన్నాను.
నవ్వేడు.
"వానాకాలం గింజల్లేనప్పుడు మేం ఇదే తింతాం.
ఏడు తడవలు ఉడకేసి
ఏడు నీళ్లూ పారబోస్తాం.
నేపోతే తల తిరిగీసి ఒకటే వాంతులు."

మేడమ్ కలం ఆగింది.
"ఆ నీళ్లేనయ్యా," అంది,
"మాకు కావలసింది ఆ నీళ్లే."

ఎండయ్య తల గోక్కున్నాడు.
"ముందే సెప్తే
కుండతో తెచ్చీవోడిని కదా."

ఆదివారం పొందూరు వెళ్లాను.
జేబులో ఒక గింజ, చూపించడానికే.
ఇవ్వడానికి కాదు:
ఏ గింజలో ఎంతుందో గింజకే తెలీదు.
పెద్దమ్మకి శ్రీకాకుళం పెద్దాసుపత్రి మాత్ర ఉంది,
అందులో ఉన్నదీ ఇదే.
ఎక్కిన గంటా గంటన్నర
చెయ్యి ఆవిడ మాట వింటుంది.

గింజని వేళ్ల మధ్య పెట్టి చాలాసేపు చూసింది.
అది కూడా వణికింది.
"పత్తిగింజలోని కూడా ఏటైనా ఉంటాదేట్రా?"
ఉంటుంది, అన్నాను.
"అరవై ఏళ్లు ఏరి ఏరి పారేసినాను,"
అని చేతులు ఒళ్లో పెట్టుకుంది,
ఎవరివో అప్పు తెచ్చిన వస్తువుల్లా.

పదకొండింటికి మాత్ర ఎక్కింది.
రాట్నం ముందు కూచుంది.
ఏకు కొస నుంచి దారం వచ్చింది,
వచ్చిందని నమ్మేలోపు ఇంకా వచ్చింది.
నా బొటనవేలు అలవాటుగా
లేని మీట నొక్కింది.

తెగింది.
రెండు కొసలూ వెతికి, నాలుక తడి అద్ది
మెలిపెట్టింది. మళ్లీ తిప్పింది.
ఈ గడికి మా పుస్తకంలో గీత లేదు.

"ఎంతసేపొచ్చింది?"
పద్దెనిమిది నిమిషాలు.
"మీ ఎలకకో?"
నలభై సెకన్లు.

"పాపం," అంది పెద్దమ్మ.

ఎలకకి తక్కువైతేనే మంచిదని
నేను చెప్పలేదు.