జనరేటరు తాడు

నలభై ఏళ్లుగా నెల్లూరులో
ఎవరి గొంతు ఎంత దూరం పోవాలో తేల్చేది నేనే.
జిలానీ సౌండ్స్, సంతపేట.
పెళ్లయినా, ఉరుసైనా, ఎలక్షనైనా
నాతో అనే మాట ఒకటే:
ఇంకాస్త పెంచబ్బయా.

ఆర్కెస్ట్రా అంటే నాకు తెలిసింది
ఒక కీబోర్డు, ప్యాడ్సు, ఇద్దరు సింగర్లు,
పన్నెండు దాటినాక పోలీసోళ్లు.
ఈ ఆర్కెస్ట్రా రెండు బస్సుల్లో దిగింది.
అరవై ఒక్క మంది. టీలు లెక్కపెట్టింది నేనే గదా.
తలుపంత ఫిడేళ్లు,
నత్తగుల్లల మాదిరి చుట్టుకున్న ఇత్తడి బూరలు,
మిల్లులో వడ్లు ఉడకేసే గంగాళాలకు
తోలు బిగించినట్టు రెండు డోళ్లు.
మైకులు ఎన్ని పెట్టేది సార్ అంటే
పుల్ల పట్టుకునే పెద్దాయన
ఒక వేలు చూపించాడు.

ఆ ఒక్కటీ సుగుణరత్నానికి.

కనకమహల్ సెంటర్లో గడియారాలు బాగుచేసే
ఇమ్మానుయేలు కూతురు.
ఆయన కంటికి అద్దం బిగించి
పట్టకారుతో సన్నముల్లు ఎత్తుతుంటే
బల్ల కింద కూచోని మీటుతుండేది.
ఊపిరి గట్టిగా వదిలితే స్క్రూ ఎగిరిపోయే ఇల్లది.
ఆ పొద్దు కూడా షేర్ ఆటోలో వచ్చింది,
మేండలిన్‌ను ఒళ్లో పెట్టుకోని,
టిక్కెట్టు లేని చంటిబిడ్డ మాదిరి.

మధ్యాహ్నం రిహార్సల్లో ఒక గొడవ.
కాగితంలో రెండు చుక్కలుండాయి.
ఆ రెంటికీ నడుమ
చుక్క లేని చోట ఆమె వేలు జారింది.
పెద్దాయన పుల్ల ఆపి, చెవి గోక్కోని
మళ్లీ వాయించమన్నాడు.
మళ్లీ జారింది.
జేబులోంచి పెన్సిలు తీసి
అక్కడ ఏందో వంకరగా గీసుకున్నాడు.

సాయంత్రం టౌన్‌హాలు నిండింది.
మొదటి భాగంలో అరవై మందీ ఒక్కపెట్టున లేస్తే
మైపాడు కాడ కాళ్లకింద ఇసక జారినట్టయింది.
నేను ఆమె మీట పైకి తోసినా,
ఇంకా తోసినా.

రెండో భాగం నెమ్మదిది.
నాలుగు మీటులు పడినాయో లేదో
కరెంటు పోయింది.

స్టాండ్లకు తగిలించిన బ్యాటరీ దీపాలు మాత్రం మిగిలినాయి.
పొద్దున వాటిని చూసి నవ్వుకున్నా.
వరండాలోకి ఉరికి జనరేటరు తాడు పట్టుకున్నా.
సెక్రెటరీ రంగారెడ్డి చీకట్లోనే బుస కొడుతుండాడు:
లాగరా! ఏంది చూస్తుండావ్!

తలుపు సందులోంచి చూస్తుండా.
ఆమె ఆపలా.
మేండలిన్ తీగ మీటంగానే చచ్చిపోతుంది.
చావనీకుండా మళ్లీ, మళ్లీ,
కంటిరెప్ప కంటే వడిగా మీటుతుండాది.
పెద్దాయన పుల్ల చంకలో పెట్టి
అరచెయ్యి కిందికి వంచినాడు,
బిడ్డ ఇప్పుడే పడుకుందని
వాకిట్లో చుట్టాలకు చెప్పేటట్టు.

అరవై మంది తగ్గినారు.
ఇంకా తగ్గినారు.
ఫిడేళ్ల పుల్లలు తీగను తాకుతుండాయా లేదా తెలవదు.
గంగాళాలాయన గుడ్డ చుట్టిన కర్రను
గాల్లోనే పట్టుకోని కూచున్నాడు.
ఫ్యాన్లు ఆగినాక గాని తెలియలా
అవి ఇన్నేళ్లూ ఎంత మోత పెడుతుండాయో.
ఆ చివర, చుక్క లేని చోట,
ఆమె వేలు జారింది.
కడపటి కుర్చీలో ఎవరో ముక్కు ఎగబీల్చుకుంటే
అదీ వినపడింది.

ముందు వరసలో ఇమ్మానుయేలు
కళ్లు మూసుకోని ఊపిరి బిగబట్టినాడు,
స్క్రూ ఎగిరిపోతుందేమోనని.

తాడు నా చేతిలోనే ఉండాది.
అరచెయ్యంతా నూనె.
లాగితే కిర్లోస్కర్ ఇంజను
మద్రాసు బస్టాండుకు వినపడతాది.

కరెంటు దానంతటదే వచ్చింది,
ఆ భాగం అయిపోయినాక.
వచ్చినా ఆమె మీట నేను పైకి తొయ్యలా.

బిల్లులో ఐదొందలు కోసినారు,
జనరేటరు వాడలేదు గదా అని.
నిజమే.
డీజిలు అట్నే ఉండాది.