నాలుగు చుక్కలు

రాత్రి ఒంటిగంటా యాభై ఎనిమిది.
డాడ్జ్ సిటీలో మా ఆఫీసు కిటికీకి ఇవతల
ఆకాశం నిండా నక్షత్రాలే.
ఎనభై మైళ్ల ఉత్తరాన, వాకీనీ ఊరి మీద మాత్రం
తెర మీద ఎరుపూ ఆకుపచ్చా
ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
ఎరుపు మానుంచి పోయే గాలి,
ఆకుపచ్చ మావైపు వచ్చే గాలి.
రెండూ అంత దగ్గరగా నిలబడితే
మధ్యలో ఏదో తిరుగుతున్నట్టు లెక్క.

లెక్కే. చూడ్డం కాదు.
రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమేమో వంగిపోతుంది.
అక్కడికి చేరేసరికి అది నేలకి ఎనిమిది వేల అడుగుల పైన.
గోడ అవతల తలపాగా ఒకటి కదుల్తుంటే
కాళ్లకి చెప్పులున్నాయో లేవో చెప్పమంటారు మమ్మల్ని.

మొన్న మంగళవారం రెండుసార్లు చెప్పాను.
రెండుసార్లూ రాలేదు.
రాన్సమ్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.
తిట్టలేదు. మర్యాదగానే అడిగాడు:
"అమ్మాయ్, మా ఆవిడకి మోకాళ్లు పనిచెయ్యవు.
పద్నాలుగు మెట్లు దించి, పద్నాలుగు మెట్లు ఎక్కించాను, రెండుసార్లు.
మళ్లీ ఎప్పుడు దించమంటావు?"
నాన్నా పులి కథలో పిల్లాడిది అబద్ధం.
పులి అడుగుల జాడ చూసి అరిచిన పిల్లాడి కథ
ఎవరూ నాకు చెప్పలేదు.

పక్క కుర్చీలో డ్వేన్ ష్లేగెల్, ఇరవై ఆరేళ్ల సర్వీసు,
పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కప్పులో ఊస్తూ
"ఇంకో స్కాన్ చూద్దామా?" అన్నాడు.
ఇంకో స్కాన్ అంటే రెండు నిమిషాలు.
రెండు నిమిషాలంటే
ఆ పద్నాలుగు మెట్లు.

పగలైతే ఎవరో ఒకరు చూసి చెప్తారు.
రాత్రి, మెరిసినప్పుడే మబ్బుకి ఆకారం.
హైవే పక్క పెట్రోలు బంకులో ఒక కుర్రాడు మేలుకుని ఉన్నాడు.
"వాన, మేడమ్. వానే. ఏం కనపడ్డం లేదు."
ఏం కనపడ్డం లేదంటే
ఏమీ లేదనుకోవాలా
చాలా ఉందనుకోవాలా?

మౌస్ పట్టుకున్నాను.
హెచ్చరిక అంటే ఇంతే, చివరికి ఒక బొమ్మ.
నాలుగు చుక్కలు పెట్టి కలపాలి.
గీత లోపలున్న ప్రతి ఫోనూ అరుస్తుంది,
గీత బయటి వాళ్లు నిద్రపోతారు.
పెద్దగా గీస్తే పెద్ద తప్పు.
చిన్నగా గీస్తే
అది తప్పో కాదో పొద్దున చెప్పేవాళ్లుండాలి.

దక్షిణం చుక్క దగ్గర చెయ్యి ఆగింది.
పటంలో అక్కడ పన్నెండు బూడిదరంగు ముక్కలు:
చక్రాల ఇళ్లు. పునాదుల్లేనివి,
దిగడానికి మెట్లే లేనివి.
లెక్క ప్రకారం అవి బయటే. గోరంత దూరం.
గోరంత కిందికి లాగాను.
డ్వేన్ చూశాడు. ఏమీ అనలేదు.
కప్పులో పొట్టు వైపు చూసుకున్నాడు.

రెండూ ఒకటికి పంపాను.
రెండూ పదిహేడుకి తెర మీద రంగులు విడిపోయాయి,
ఎవరి దారిన వాళ్లు, సంత ముగిసినట్టు.

పొద్దున సర్వేకి వెళ్లినవాళ్లు ఫోటో పంపారు.
గోధుమ చేను. ఒక పక్క కంకులు తూర్పుకి వాలాయి,
ఇంకో పక్కవి పడమటికి.
మధ్యలో పశువుల నీళ్లతొట్టి బోర్లా పడి ఉంది.
ఇది చాలా, చాలదా అని పై ఆఫీసులో మాట్లాడుకుంటున్నారు.
గడిలో అవును రాయాలి, లేదా కాదు.

అప్పుడు ఫోన్. లోర్నా వీబే,
చక్రాల ఇల్లు నంబరు తొమ్మిది.
ఫోను అరవగానే కుక్కని చంకన పెట్టుకుని
చర్చి నేలమాళిగకి పరిగెత్తిందట.
తాళం వేసి ఉందట.
మిగతా పదకొండు ఇళ్ల వాళ్లూ వచ్చి
ఆ తలుపు ముందే వడగళ్లలో నిలబడ్డారట.
"తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో
ఈసారి హెచ్చరికలో కాస్త చెప్తారా?" అంది.

చిత్తుకాగితం మీద రాసుకున్నాను.
మా ఫారంలో దానికి గడి లేదు.